వర్గమూలాల సూక్ష్మీకరణ: కరణీయమా, అకరణీయమా?

నోటు పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఈ రెండు సంఖ్యలు రాయండి: √0.4, √0.444… రెండో దానిలో 4 అంతులేకుండా వస్తూనే ఉంటుంది. వీటిలో అకరణీయ సంఖ్య ఏది?

చాలామంది మొదటిదాని వైపే మొగ్గుతారు. √0.04 విలువ 0.2 అని గుర్తుండటమే దానికి కారణం. కాని 0.4 అంటే 40/100. దాని వర్గమూలం 2√10/10, అంటే √10/5. ఎంత సూక్ష్మీకరించినా √10 పోలేదు. కనుక ఇది కరణీయ సంఖ్య. ఇక 0.444… అంటే 4/9. దాని వర్గమూలం 2/3. ఇదే అకరణీయం!

మూలం గుర్తు కనబడగానే తీర్పు చెప్పకూడదు. ముందు సూక్ష్మీకరించాలి, తరువాతే నిర్ణయించాలి. పేర్ల దగ్గర కూడా కొందరు తికమక పడతారు. చివరికి √2, √3 వంటి కరణి మిగిలితే కరణీయం, మిగలకపోతే అకరణీయం. ఇలా గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు √50, √18 తీసుకుందాం. 50 అంటే 25×2, 18 అంటే 9×2. కాబట్టి అవి 5√2, 3√2. తీసివేస్తే 2√2, కరణీయం. అవే సంఖ్యలను భాగిస్తే √2 కొట్టుకుపోయి 5/3 వస్తుంది, అకరణీయం. గుణించినా అంతే, 15×2=30. మరి √50−√18−√8 ఎంత? √8 అంటే 2√2 కనుక జవాబు సున్న. సున్న కూడా అకరణీయ సంఖ్యే, సందేహించకండి.

ఒక్క హెచ్చరిక. గుణకారంలో మూలాలను కలిపి రాయవచ్చు గాని, కూడికలో కుదరదు. √9+√16 విలువ 7, √25 విలువ 5.

"√2 కరణీయమని ఎలా నమ్మాలి? కాలిక్యులేటరు 1.414213562 అని చూపిస్తోంది గదా?" అని మీరడగవచ్చు. ఆ సంఖ్య చివర 2 ఉంది. దాన్ని వర్గం చేస్తే చివరి అంకె 4 అవుతుంది. అలాంటప్పుడు సరిగ్గా 2 ఎలా వస్తుంది?

దశాంశాలు వదిలి భిన్నాలు చూద్దాం. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రాలలో చతురస్ర కర్ణానికి ఒక సూత్రం ఉంది. భుజానికి దానిలో మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, చివరగా కలిపిన దానిలో 34వ వంతు తీసివేయాలి. భుజం 1 అయితే కర్ణం 577/408 అవుతుంది, సుమారు 1.414216. తాళ్లతో కొలిచేవారికి ఇంతకంటే ఏం కావాలి? ‘కరణి’ అన్న మాట కూడా ఆ సూత్రాలలో ఉన్నదే. రెట్టింపు వైశాల్యమున్న చతురస్రపు భుజాన్ని అక్కడ ద్వికరణి అన్నారు.

ఇప్పుడు సరిచూడండి. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. ఒక్కటే తేడా! ఇంకా పెద్ద సంఖ్యలు తీసుకుంటే ఆ ఒక్కటీ పోతుందా? పోదు. ఏ వర్గ సంఖ్యనైనా ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే అందులో 2 సరి సార్లే ఉంటుంది, లేదా అసలు ఉండదు. వర్గానికి రెట్టింపులో మాత్రం 2 బేసి సార్లు వస్తుంది. సరి, బేసి ఎన్నటికీ సమానం కావు. అందుచేత వర్గం 2 అయ్యే భిన్నమే లేదు. √3కు కూడా ఇదే వాదన, 2 బదులు 3ను లెక్కపెట్టండి.

చివరగా కాస్త భయపెట్టే లెక్క: √(7+4√3)+√(7−4√3). మూలంలో మూలం! 7ను 4+3గా విడదీయండి. 4+3+4√3 అంటే 2+√3కు వర్గమే. రెండోది 2−√3కు వర్గం. √3 రెండు కంటే చిన్నది కనుక 2−√3 ధనసంఖ్యే, మూలం నుంచి అలాగే బయటికి వస్తుంది. కూడితే √3 పోయి 4 మిగులుతుంది.

ఇక మీ వంతు. √(11+6√2), √(11−6√2) తీసుకోండి. వాటి మొత్తం అకరణీయమా? భేదం సంగతేమిటి? 11ను ఎలా విడదీయాలో ముందు ఆలోచించండి.