ఇంటి మూలన ఒక ప్రయోగశాల
(బెంగళూరులోని ఒక శాఖా గ్రంథాలయంలో తెలుగు యువజనుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



నేను అనువాదకుడిని, ఇంజనీరును కాను. మా తమ్ముడు సీసీఎన్‌ఏ పరీక్షకు చదివిన రోజుల్లో పక్కన కూర్చుని గ్రహించిన సంగతి మీకు విన్నవిస్తాను.

అప్పు చేసి ఎస్.పి. రోడ్డులో పాత రూటర్లు కొంటానన్నాడు. పరీక్ష రుసుమే 300 డాలర్లు, దానిపై అప్పెందుకని వారించాను. సిస్కో సంస్థ ప్యాకెట్ ట్రేసర్‌ను ఉచితంగా ఇస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో ఒక రూటరు, ఒక స్విచ్, నాలుగు కంప్యూటర్లు అమర్చి, రెండు వీల్యాన్‌లుగా విభజించాడు. ఒక వీల్యాన్ నుంచి మరొకదానికి పింగ్ వెళ్లలేదు. రెండు రాత్రులు వెతికాక, రూటరు వైపు పోర్టును ట్రంకుగా మార్చలేదని తేలింది. లక్షణం, కారణం, సరిదిద్దిన ఆదేశం తెలుగులో పుస్తకానికి ఎక్కించాడు. 120 నిమిషాల పరీక్షకు ముందు తిరగేసింది ఆ పుస్తకాన్నే.

ట్రేసర్‌లో అన్ని ఆదేశాలూ పనిచేయవు. ఆ కొరత ఎదురైననాడు ఒక పాత స్విచ్, కన్సోల్ కేబుల్ కొనుక్కోండి. ఉద్యోగంలో చేయరాని పొరపాట్లన్నీ ముందుగా ఇంట్లోనే చేయండి. చేసిన ప్రతిదాన్నీ రాసుకోండి.

సెలవు.