బీరుతో కలిపిన పిండి

ఇంగ్లండులో చదువు ముగించి వచ్చునప్పుడు, నన్ను కన్నబిడ్డవలె చూచుకొనిన మా యింటి యజమానురాలికి కృతజ్ఞతగా ఆ దేశపు రీతిని చేపలు వేయింపబూనితిని. దోసెపిండి నానినకొలది మేలుగదా యని తలచి, మైదాపిండిని బీరుతో బాగుగా గిలకొట్టి గంటసేపు నిలువయుంచితిని. వేచిన ముక్కలు తోలువలె సాగినవి. సిగ్గుతో తల వంచుకొంటిని.

ఆమె నవ్వి, తానే మరల కలిపి చూపినది. బీరు మిక్కిలి చల్లగా నుండవలెను. నూనె కాగిన పిదపనే దానిని పిండిలో పోయవలెను. ఉండలు కొన్ని మిగిలినను సరియే. అతిగా కలిపినచో పిండి జిగురెక్కును. నిలువయుంచినచో బీరులోని బొగ్గుపులుసు వాయువు పోవును. పిండిని గుల్లచేయునది ఆ వాయువే. సుమారు 180 డిగ్రీల నూనెలో మద్యసారము నీటికంటె త్వరగా ఆవిరియగుటచే పైపొర కరకరలాడును.

అయినను ఆ సారము పూర్తిగా పోదు. కావున మద్యము ముట్టనివారు చల్లని సోడానీటితో కలుపుకొనవచ్చును. మా యమ్మకు నేను చేసిపెట్టునది అట్టిదే.