కదలెడి బొమ్మకు మొదటి గీతలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉషాపరిణయ కథ యెరుగనివారు ఈ సభలో నుండరు. స్వప్నమున గాంచిన వరుడెవ్వడో తెలియక బాణాసురుని కూతురు కుందుచుండగా, చెలికత్తె యైన చిత్రరేఖ దేవ గంధర్వ మనుష్యుల రూపములను వరుసగా లిఖించి చూపినది. అనిరుద్ధుని బొమ్మ కంటబడినంతనే ఉష సిగ్గుతో తల వంచుకొన్నది. చిత్రరేఖ గీసినది ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మయే. నేడు కంప్యూటరు నెదుట గూర్చుండి కార్టూను బొమ్మకు కదలిక నేర్పదలచిన బాలుని పని అంతకంటె కష్టమైనది. అతడు ఒకే అనిరుద్ధుని వేయిసార్లు గీయవలెను. వేయిసార్లును ఉష గుర్తుపట్టవలెను.

ఇది అతిశయోక్తి కాదు, లెక్క. చలనచిత్రమున సెకనుకు 24 చిత్రములు కంటిముందు మారును. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. యానిమేషన్ చేయువారు సాధారణముగా ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేముల కాలము నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపుచ్చుదురు. ఆ చొప్పున నిమిషమునకు 720 బొమ్మలు. అభ్యాసకుడు తన కథానాయకుని మెడలో 20 పూసల దండ వేసినాడనుకొందము. నిమిషపు కథకు 14,400 పూసలు గీయవలెను. చొక్కాకు 10 చారలు పెట్టినచో మరి 7,200 చారలు. మొదటి బొమ్మలో ఆ పూసలు అలంకారము. రెండువందలవ బొమ్మ నాటికి అవియే తీర్చలేని అప్పు.

ఈ లెక్క ముందుగా వేసికొనక పోవుటచేతనే పెక్కుమంది పిల్లలు ఉత్సాహముతో ఆరంభించి కొలది దినములలోనే చాలించుచున్నారు. తమకు బొమ్మలు రావని తీర్మానించుకొనుచున్నారు. లోపము చేతిలో లేదు, ఎంచుకొన్న బొమ్మలో నున్నది.

ఈ విద్యలో ఆరితేరినవారు పొదుపు నెట్లు పాటించిరో చూడుడు. 1928లో వాల్ట్ డిస్నీయు, అబ్ ఐవెర్క్సును రూపొందించిన మిక్కీ మౌసు తల ఒక వృత్తము, చెవులు రెండు వృత్తములు. చేతికి నాలుగే వ్రేళ్లు. ఒక వ్రేలు తగ్గించుటవలన కలిసివచ్చిన శ్రమ వేల బొమ్మలలో లెక్కకు వచ్చును. మన హైదరాబాదులో రాజీవ్ చిలక సృష్టించిన ఛోటా భీమ్ 2008లో టెలివిజనుకెక్కినది. కవిత్రయ భారతములోని భీమసేనుని యెరిగిన పెద్దలకు లడ్డూలు తిని బలము తెచ్చుకొను ఈ చిన్న భీముడు అంతగా రుచింపకపోవచ్చును. ఆ తగవు వేరు. బొమ్మను బొమ్మగా చూచినచో అందు చాల తెలివి కలదు. గుండ్రని మొగము, నడుమున ధోవతి, ఒంటిపై చొక్కా లేదు. చొక్కా లేదనగా గుండీలు లేవు, చేతుల మడతలు లేవు, కాలరు లేదు. కిరీటమును, భుజకీర్తులును, హారములును పెట్టియుండినచో ఆ బాలుడు ఇన్నేండ్లు పరుగెత్తగలిగెడివాడు కాడు.

అయినను గీతలు తగ్గించుట యొక్కటియే చాలదు. తగ్గించిన పిదప ఎవరి బొమ్మ యో తెలియవలెను గదా. దీనికి తోలుబొమ్మలాట మంచి గురువు. తెరపై నీడ పడుచుండగనే, రంగులింకను స్పష్టముగా కానరాకమునుపే, పదితలలవాడు రావణుడనియు, తోకవాడు హనుమంతుడనియు చంటిపిల్లలు సైతము కేక వేయుదురు. కంప్యూటరులో ఈ పరీక్ష మిక్కిలి సులభము. గీసిన బొమ్మ నంతటిని నల్లరంగుతో నింపి, దూరముగా నిలిచి చూడవలెను. ఆ నల్లని ఆకృతినిబట్టి ఆసామి యెవరో తెలిసినచో బొమ్మ నిలిచినట్లు. తెలియనిచో కన్నులకు కాటుక దిద్దినను, రంగులు మార్చినను ప్రయోజనము లేదు. జుట్టు ముడియో, బొజ్జయో, తలపాగాయో ఏదో యొకటి ఆకృతిలోనే మార్చవలెను.

తరువాతిది ప్రమాణము. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమున మార్కండేయుడు వజ్రునకు పురుషులను ఐదు విధములుగా కొలిచి చెప్పినాడు. హంసునకు 108 అంగుళములు, భద్రునకు 106, మాలవ్యునకు 104, రుచకునకు 100, శశకునకు 90. పండ్రెండంగుళములు ఒక తాళము, ముఖము ఒక తాళము; అనగా హంసపురుషుడు తొమ్మిది ముఖముల పొడవు. కార్టూను బాలుడు ఈ కొలతకు లోబడడు. వాని నిలువు పొడవు మొత్తము మూడు తలలకు అటు నిటుగా నుండును. పెద్ద తల, మొగమున కాస్త క్రిందుగా దిగిన పెద్ద కన్నులు, చిన్న గడ్డము, ఇవి పసితనపు గుర్తులు. ప్రమాణము మారినదే గాని ప్రమాణము లేకుండ పోలేదు. మూడు తలల బాలుడు రెండవ దృశ్యమున మూడున్నర తలలైనచో, చూచువానికి కారణము తోచకపోయినను, వీడు వాడు కాడని మనసునకు తట్టును.

కావున కథ మొదలిడకమునుపే ఒక నమూనా పట్టిక గీసి పెట్టుకొనుట వృత్తిలోనివారి ఆచారము. బొమ్మను ఎదుటినుండి, ఓరగా, ప్రక్కనుండి, వెనుకనుండి నాలుగు విధముల ఒకే వరుసలో నిలిపి, తల కొన, కన్నులు, గడ్డము, నడుము, మోకాలు, పాదము అను తావులయందు నాలుగింటికిని కలిపి అడ్డగీతలు లాగుదురు. ఎదుటి బొమ్మలో ముక్కు ఎంత ఎత్తున నున్నదో ప్రక్క బొమ్మలోను అంతే ఎత్తున నుండవలెను. క్రొత్తవారికి ఇది విసుగు పుట్టించును. విసుగైనను విడువరాదు, ఊరి సరిహద్దు రాళ్లు పాతకయే పొలము దున్నినట్లగును.

గీయు పద్ధతి కష్టము కాదు. మొదట తలకు ఒక వృత్తము. దానిపై నిలువుగా నడిమి గీత, అడ్డముగా కన్నుల గీత. తల తిరిగినప్పుడు ఈ రెండు గీతలును బంతిపై గీసినట్లు వంగి తిరుగును. ఆ వంపును పట్టుకొన్నవానికి మొగము ఏ దిక్కునకు త్రిప్పినను చెదరదు. మొండెమునకు ఒక కోడిగ్రుడ్డు ఆకారము, కాలుసేతులకు సన్నని కర్రలవంటి గీతలు. ఇదంతయు లేత నీలపు రంగుతో ఒక పొరలో గీసి, పైన మరియొక పొర తెరచి, అందు నల్లని గీతతో తేటగా తిరుగ వ్రాయవలెను. ఈ పొరలనే సాఫ్టువేరులో లేయర్లు అందురు. పూర్వము ఇదే పనికి పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులను వాడెడివారు. అమెరికాలో ఎర్ల్ హర్డ్ 1914లో దానికి పేటెంటు కోరినాడు. చెట్లు, ఇండ్లు క్రింది పొరలో కదలక యుండును. పై పొరలో మనిషి మాత్రమే కదలును. ఈ ఉపాయము లేకున్నచో ప్రతి బొమ్మకును ఊరంతయు మరల గీయవలసి వచ్చెడిది.

సాఫ్టువేరు విషయమున క్రొత్తవారు అనవసరముగా ధనము వ్యయపరచుచుందురు. పెన్సిల్ 2డి, సిన్ఫిగ్, క్రిటా, ఓపెన్‌టూంజ్ అను నాలుగును ఉచితముగానే లభించును. చివరి దానికి మూలమైన టూంజ్ ఇటలీలో పుట్టి, జపానులోని జిబ్లీ స్టూడియో చిత్రములకు పనిచేసి, 2016లో అందరకును ఉచితముగా విడుదలైనది. అంతటి చరిత్ర కలదని మొదటనే దానిని పట్టుకొనుట తగదు. మీటలు చూచియే బాలుడు బెదరును. పెన్సిల్ 2డి లో పనిముట్లు కొద్ది. అందుచేత దానితో ఆరంభించుటయే మేలు.

అందు గీతలు రెండు జాతులు. ఒకటి బిట్‌మ్యాపు, రెండవది వెక్టరు. పోచంపల్లి చీరను దూరమునుండి చూచినచో హంస కనబడును, దగ్గరకు పోయినచో రంగు పట్టిన పోగులే కనబడును. బిట్‌మ్యాపు అట్టిది, పెంచినకొలది చుక్కలు బయటపడును. వెక్టరు గీత సర్వే కొలతల పుస్తకము వంటిది. అందు పొలము బొమ్మకంటె రాళ్ల నడుమ కొలతలు ముఖ్యము. వానినిబట్టి ఏ స్కేలుకైనను పటము మరల తీయవచ్చును, అంచు చెదరదు. మౌసుతో గీయువారి చేయి వణకుట సహజము. అట్టివారికి వెక్టరు మేలు, ఏలయనగా గీతను గీసిన పిదప బిందువులను జరిపి వంపు సరిదిద్దుకొనవచ్చును. పలకవంటి టాబ్లెట్టును, దాని కలమును కొనుట తరువాతి మాట.

ఈ యంత్రమున రెండు ఉచ్చులు కలవు. గీసిన గీతను వెంటనే రద్దుచేయు మీట యొకటి. దానిని మరిగిన బాలుడు ఒకే కనుబొమను నలువదిసార్లు గీసి, నలువదిసార్లు తుడిచి, ప్రొద్దు గూకువరకు అచ్చటనే యుండును. రెండవది బొమ్మను పెంచి చూపు సౌకర్యము. కంటిని కిటికీ యంత చేసి రెప్పవెండ్రుకలు లెక్కపెట్టి గీసినవాడు, బొమ్మను మామూలు పరిమాణమునకు తెచ్చిన వెనుక అవి యొక నల్లని మచ్చగా మారుట చూచి నిట్టూర్చును.

మరి కదలిక మాట. ముందు బొమ్మ పైపొర క్రింద లేతగా కనబడుటకు ఉల్లిపొర అను సౌకర్యము కలదు. పూర్వపు పలుచని ఉల్లిపొర కాగితమునుబట్టియే ఆ పేరు వచ్చినది. దాని సాయముతో మొదట మనిషిని కాదు, బంతిని ఎగిరింపవలెను. బంతి పైకొననున్నప్పుడు బొమ్మలు దగ్గర దగ్గరగాను, నేలకు దిగుచున్నప్పుడు ఎడమెడముగాను పడవలెను. అప్పుడే వేగము కంటికి తెలియును. నేలను తాకినపుడు బంతి అడ్డముగా అణగును, అణగినంత మేర వెడల్పగును. పొట్టియై వెడల్పు కానిచో బంతి చిన్నదైనట్లు తోచును. చిత్రసూత్రమున మార్కండేయుడు నృత్తశాస్త్ర మెరుగనివానికి చిత్రము తెలియుట దుర్లభమని యేల చెప్పెనో ఈ బంతిని ఎగిరించినవారికి బోధపడును.

ప్రతి భంగిమను కొత్తగా గీయు ఓపిక లేనివారికి మరియొక మార్గమున్నది. అది తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ విద్యకుగాను దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలుబొమ్మకు భుజము, మోచేయి మొదలైనవి వేరువేరు తునకలుగా కోసి, ఒకదానిపై నొకటి ఎక్కునట్లు చేసి దారముతో ముడివేయుదురు. సాఫ్టువేరులోను అట్లే అవయవములను వేరువేరు పొరలలో గీసి, కీలు దగ్గర కట్టవచ్చును. క్రొత్తవారు ఇచ్చట చేయు తప్పు ఒక్కటే: తునకలను కత్తిరించినట్లు తిన్నని అంచుతో ముగింతురు. చేయి వంగగనే మోచేతి దగ్గర సందు తెరచుకొనును. తునకల కొనలను గుండ్రముగా గీసి, ఒకదానిలో నొకటి దూరియుండునట్లు చేసినచో ఎట్లు వంచినను సందు కానరాదు.

ఇంత చెప్పుటకు కారణము లేకపోలేదు. పిల్లవానికి బొమ్మలు వచ్చునని పట్టణమున వేల రూపాయల రుసుము కట్టి చేర్చుటకు, కొందరు ఎకరము తాకట్టు పెట్టుటకును సిద్ధపడుచున్నారు. ఒక అందమైన బొమ్మ గీయగలుగుట ఈ వృత్తికి సాక్ష్యము కాదు. ఒకే బొమ్మను 120 మార్లు గీసి, పది సెకనులు నడిపించి, నూట యిరువదవ దానిలోను మొదటి దాని పోలిక నిలుపగలిగినవానికే ఇది తగును. ఆ పరీక్షకు రుసుము లేదు. గ్రంథాలయపు కంప్యూటరు చాలును. తాకట్టు మాట ఆ పరీక్ష తరువాత. మాటలు చెప్పినంతనే బొమ్మ గీసియిచ్చు యంత్రములు వచ్చినవి గదా, ఇంక నేర్చుట యేల యని కొందరనవచ్చును. యంత్రమిచ్చిన బొమ్మలో మోచేయి ఎక్కడ తప్పినదో కనిపెట్టుటకైనను మోచేయి గీసిన చేయి కావలెను.

బొత్తిగా గీత రానివారును వెనుదీయ నక్కరలేదు. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను కదలించి యొక చిత్రము తీసినాడు. 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజనుకు డిస్నీ చిత్రములలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి శిక్షణ నిచ్చినాడు. అచ్చట నేర్చిన రామ్ మోహన్ తరువాత రామాయణమును జపానువారితో కలిసి యానిమేషన్ చిత్రముగా రూపొందించినాడు. ఆ శిక్షణలో నుండియే 1957లో ఒక జాతక కథపై ‘ది బనియన్ డీర్’ అను చిన్న చిత్రము వచ్చినది.

బంతి కుదిరిన పిదప మొదట చేయదగిన జీవక్రియ రెప్పపాటు. మొగమును క్రింది పొరలోనే యుంచి, కన్నులకు మాత్రము వేరుపొర తీయవలెను. కావలసినవి మూడే బొమ్మలు: తెరచిన కన్ను, సగము వాలిన రెప్ప, మూసిన కన్ను. సగము వాలినది రెండు ఫ్రేములు, మూసినది రెండు, మరల సగము రెండు, పిమ్మట తెరచినది. మొత్తము 6 ఫ్రేములు, అనగా పావు సెకను. మూసిన రెప్ప గీతను కంటి నడుమ కాక క్రింది అంచున, క్రిందికి వంగినట్లు గీయవలెను. ఆ తరువాత మూడు నాలుగు సెకనులు కన్ను తెరచియే యుంచి, మరియొకసారి రెప్ప వాల్చినచో, అంతవరకు బొమ్మగా నున్న బాలుడు ఎదుటివారిని చూచుట మొదలిడును.