ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకం లెక్క



మూర్ఛ ఆపరేషన్‌కు సాయం అడిగితే మీరు ఎన్నడూ వెనకాడలేదు. దానికి ముందు చేసే జ్ఞాపకశక్తి పరీక్షకు డబ్బెందుకని మాత్రం అడుగుతారు. మేమూ మొదట అలాగే అడిగాం.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గాలని మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాన్ని తీశారు. మూర్ఛ తగ్గింది. కానీ 2008లో చనిపోయేదాకా కొత్తగా పరిచయమైన మనిషి ఆయనకు గుర్తుండలేదు.

ఇప్పుడు ఒక వైపే తీస్తారు. అయినా ఎడమ టెంపోరల్ భాగం తీస్తే మాటలు, పేర్లు గుర్తుండే శక్తి తగ్గవచ్చు. వింతేమిటంటే, ముందు జ్ఞాపకం బాగున్నవారికే, ఎంఆర్‌ఐలో ఆ భాగం ఆరోగ్యంగా కనిపించినవారికే నష్టం ఎక్కువ. అది ముందే ముడుచుకుపోయి ఉంటే పోయేదీ తక్కువే.

అందుకే కొన్ని మాటలు చదివి వినిపించి, అరగంట తర్వాత మళ్లీ చెప్పమంటారు. ఇంతా చేసి వచ్చేది అంచనాయే, హామీ కాదు. అలాగని ఆపరేషన్ మానుకున్నా, అదుపులేని మూర్ఛ కూడా జ్ఞాపకాన్ని తినేస్తుంది. పాఠం చెప్పి బతికే టీచరు, లెక్కలు రాసే గుమాస్తా ఈ సంగతి తెలిసే సంతకం పెట్టాలి కదా?

ఈ ఏడు నుంచి పరీక్ష ఖర్చును ఆపరేషన్ ఖర్చులోనే కలిపి మీ ముందు పెడుతున్నాం.