పులస కొవ్వు, మనిషి కొవ్వు
(ఆరోగ్య ప్రసంగ పాఠం)



గోదావరికి ఎర్రనీరు తగలగానే యానాం రేవులో పులస కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత, ఊరు విడిచి నగరాలకు చేరిన గోదావరి వారికి కొత్తది కాదు. ఆ చేప రుచికి మూలం దాని కొవ్వు. సముద్రంలో కూడబెట్టిన ఆ కొవ్వును ఖర్చు చేస్తూనే అది ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది. మనిషి దేహంలోని కొవ్వు కూడా అటువంటి దారిబత్తెమే.

దేహంలో ఇంధనం రెండు రూపాలలో నిలువ ఉంటుంది. మొదటిది గ్లైకోజన్. ఇది కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు ఉంటుంది. ఒక్కరోజు ఖర్చుకు సరిపోతుంది. రెండవది కొవ్వు. ఒక గ్రాము కొవ్వులో 9 కెలోరీలు ఉంటాయి. 15 కిలోల కొవ్వున్న మనిషికి, లెక్కప్రకారం, అది రెండు నెలలకు మించిన ఇంధనం.

అన్నం తిన్నప్పుడు ఇన్సులిన్ పెరిగి ఈ కొవ్వు గాదెకు తాళం వేస్తుంది. పిండిపదార్థాలు మానినప్పుడు ఇన్సులిన్ తగ్గి, కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి విడుదలవుతాయి. కండరాలు వాటిని నేరుగా వాడుకుంటాయి. మెదడు మాత్రం వాడుకోలేదు. అందుకే కాలేయం వాటిలో కొంత భాగాన్ని కీటోన్లుగా మార్చి మెదడుకు అందిస్తుంది. 1921లో అమెరికా వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగులకు సూచించిన కీటోజెనిక్ ఆహారానికి ఆధారం ఇదే. ఇటీవలి సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో, కొబ్బరినూనె ప్రధానమైన ఇటువంటి పద్ధతి తెలుగువారి ఇళ్లలో చర్చనీయమైంది.

ఇక్కడ ఒక భ్రమ తొలగాలి. కొవ్వు కరగడం వేరు, ఒంటి కొవ్వు తగ్గడం వేరు. దేహం మొదట కరిగించేది పళ్లెంలోని కొవ్వునైనా కావచ్చు. రోజుకు 2000 కెలోరీలు ఖర్చుచేసే మనిషి 100 గ్రాముల నూనెతో 900, ఇతర ఆహారంతో 400 పొందితే, మిగిలిన 700 ఒంటినుండి రావాలి. నూనె, మాంసం, వెన్న కలిసి 2000కు చేరితే గాదె తరగదు. అంతకు మించితే, ఇన్సులిన్ తక్కువగా ఉన్నప్పటికీ, గాదె నిండుతుంది. ఇటువంటి ఆహారంతో చాలామంది సన్నబడడానికి ముఖ్యకారణం, ఆకలి మందగించి తిండి తగ్గడమే.

మొదటి వారంలో తగ్గే బరువులో అధికభాగం నీరు. గ్లైకోజన్ తనకు మూడు నాలుగు రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చు కాగానే ఆ నీరు బయటికి పోతుంది. అన్నం మళ్లీ మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది. నిజమైన కొవ్వు పోయే దారి ముఖ్యంగా ఊపిరి: 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే, సుమారు 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా, 1.6 కిలోలు నీరుగా వెలువడుతుంది. చెమటతో కొవ్వు కారిపోదు.

కొబ్బరినూనెలో సుమారు పదింట తొమ్మిది వంతులు సంతృప్త కొవ్వే. దానిని అధికంగా వాడేవారిలో చెడు కొలెస్టరాల్ పెరగవచ్చు. ముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత మరొకసారి రక్తపరీక్ష చేయించుకోవడం వివేకం.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక మధుమేహ రోగులకు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడుతూ అన్నం ఒక్కసారిగా మానితే, చక్కెర ప్రాణాపాయకరంగా పడిపోవచ్చు. మందును సొంతంగా ఆపడమూ అంతే ప్రమాదం. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడేవారికి, చక్కెర అంతగా పెరగకపోయినా, కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఈ పద్ధతి చేపట్టరాదు.

పులస తన కొవ్వును ఖర్చుచేసేది ఎదురీతలో. మనిషి తన పళ్లెం లెక్కను, తన మందుల చీటీని ముందు వైద్యునికి చూపి, ఆ తర్వాతే ఎదురీతకు దిగాలి.