తీర్పు ఎవరిది?

మనకు అన్యాయము చేసినవాడు మన చేతికి చిక్కినపుడు ఏమి చేయవలెను? సమూయేలు మొదటి గ్రంథమున దావీదు ఈ ప్రశ్నకు రెండు విధముల బదులిచ్చినాడు.

3,000 మందితో తన్ను వేటాడుచున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో ఒంటరిగా దొరికెను. దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రమే కోసి విడిచిపుచ్చెను. పిదప వెలుపలికి వచ్చి, తనకు జరిగిన అన్యాయమును రాజుతోనే చెప్పెను. తీర్పును మాత్రము దేవునికి వదలెను.

కాని ఆ దావీదే, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు వేళ ఆహారమడుగ వచ్చిన తన మనుష్యులను నాబాలు తూలనాడినంతనే, 400 మందితో కత్తి కట్టి బయలుదేరెను. ప్రాణభయమును ఓర్చినవాడు చిన్న అవమానమును ఓర్వలేకపోయెను! నాబాలు భార్య అబీగయీలు త్రోవలో ఎదురేగి, నిష్కారణముగా చిందించిన రక్తము రేపు నీ మనస్సునే నొప్పించునని వారించినది. దావీదు ఆమెను దీవించి మరలిపోయెను.

దేవుని న్యాయమును నమ్ముట యనగా నోరు మూసికొనుట కాదు. తప్పును తప్పని చెప్పవచ్చును, పెద్దలయొద్ద మొఱపెట్టుకొనవచ్చును. వాదియు తానే, న్యాయాధిపతియు తానే కాకుండుటయే ఆ నమ్మకము. కోపము వచ్చిన దినమున త్రోవకడ్డమై మంచిమాట చెప్పువారిని త్రోసివేయకుడు. దేవుడు మనలను ఆపదలచినపుడు ఒక్కొక్కసారి అట్టి కంఠముతోనే పిలుచును.