సబ్ర్, షుక్ర్, శరీరం

పురుషోత్తంపూర్‌కు చేరువలో, గంజాం జిల్లాలో ఋషికుల్యా నది ఒడ్డునున్న జౌగడ బండపై క్రీ.పూ. మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతినీ, మూలికలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించిన సంగతినీ తెలుపుతుంది. సమాపా నగరపు మహామాత్రులకు, అంటే ఉన్నతాధికారులకు, ఉద్దేశించిన మరొకటి అసూయ, కోపం, తొందరపాటు, సోమరితనం ఉన్నవారు విధి సరిగా నిర్వర్తించలేరని హెచ్చరిస్తుంది. ఓర్పుకూ వైద్యానికీ ఒకే బండపై చోటు దక్కిన ఈ సీమలో, ఆ రెంటినీ ఇస్లాం ఎలా జోడించిందో విచారించడం ఉచితంగా ఉంటుంది. అయితే ఈ పోలికను మరీ సాగదీయరాదు; అశోకుని హెచ్చరిక అధికారుల నడవడికి సంబంధించినది కాగా, సబ్ర్, షుక్ర్ అనేవి దేవుని ఎదుట నిలిచే ప్రతి మనిషికీ సంబంధించినవి.

సబ్ర్ అంటే సహనం. విధుల్లో నిలకడ, నిషిద్ధాల పట్ల నిగ్రహం, ఆపదలో కుంగిపోని స్థైర్యం అని ఇస్లామీయ పండితులు దానిని మూడు తెరగులుగా వివరించారు. షుక్ర్ అంటే కృతజ్ఞత. అది మనసులో మేలును గుర్తించడంతో మొదలై, నోటితో ఒప్పుకోవడంతో ఆగక, అవయవాలను మంచి పనికి వినియోగించడంతోనే పూర్తవుతుందని వారు చెప్పారు. శరీరం ఈ చర్చలోకి ప్రవేశించేది సరిగ్గా ఇక్కడే. మనిషి ఒంట్లోని ప్రతి కీలూ ప్రతిరోజూ ఒక దానం బాకీ పడి ఉంటుందనీ, ఇద్దరి తగవు తీర్చడం, ఒకరిని వాహనం ఎక్కించడం, దారిలోని ముల్లు తీసివేయడం కూడా ఆ దానమేననీ ప్రవక్త ముహమ్మద్ బోధించినట్లు హదీసులు, అంటే ఆయన మాటలనూ చేతలనూ నమోదు చేసిన సంప్రదాయ గ్రంథాలు, చెబుతాయి. వంగే నడుమూ మడిచే మోకాలూ కృతజ్ఞతకు సాధనాలైనప్పుడు వాటిని కాపాడుకోవడమూ ధర్మమే అవుతుంది.

ఈ భావానికి అత్యంత విపులమైన రూపమిచ్చినవాడు తూస్ నగరానికి చెందిన ఇమామ్ గజాలీ (1058–1111). ఆయన రచించిన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని నలభై భాగాల్లో ముప్పై రెండోది సహన కృతజ్ఞతలకే కేటాయించినది. అందులో ఆయన ఒక్క అన్నపు ముద్దను పట్టుకుని, దానిని అందుకునే చేయి, కొరికే ముందు పళ్లు, చీల్చే కోరపళ్లు, నూరే దవడపళ్లు, కదిలే కింది దవడ, ముద్దను పళ్ల కిందికి తోసే నాలుక, దానిని నానబెట్టే లాలాజలం, ఆపై జీర్ణాశయం, కాలేయం అంటూ ఒక్కొక్క దాని పనినీ నిదానంగా వివరించి, ఇన్ని మేళ్లలో ఏ ఒక్కటి లోపించినా ముద్ద గొంతు దిగదని చూపుతాడు. ధర్మశాస్త్ర గ్రంథంలో శరీరశాస్త్ర పాఠం ఇంత ఓపికగా సాగడం అబ్బురమే.

గజాలీకి ముందే అబూ జైద్ బల్ఖీ (850–934) శరీర, మనో ఆరోగ్యాలు రెంటినీ ఒకే గ్రంథంలో చర్చించి, ఒకదాని బాధ రెండోదానికి పాకుతుందని చెప్పాడు. ఇంట్లో మందులు ముందుగా దాచుకున్నట్టే, మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే ధైర్యమిచ్చే ఆలోచనలను కూడబెట్టుకోవాలని ఆయన సలహా. ఇబ్న్ సీనా (980–1037) అనుసరించిన యునానీ వైద్యంలో గాలి, ఆహారపానీయాలు, శారీరక శ్రమ విశ్రాంతులు, నిద్రా జాగరణలు, విసర్జన నిలుపుదలలతో పాటు మనసు కదలిక, నెమ్మది కూడా ఆరోగ్యానికి అనివార్యమైన ఆరు కారణాల్లో చేరాయి. అందుచేత కోపాన్ని అణచుకోవడం యునానీ వైద్యునికి నీతి మాత్రమే అనిపించలేదు, పథ్యంగానూ కనిపించింది.

ఆ వైద్యం తెలుగునేలపై కట్టడంగా నిలిచినది హైదరాబాదులో, 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన దారుష్షిఫా అనే వైద్యశాలలో. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల గదులతో అది రోగులకు ఆశ్రయమిచ్చింది. ఆ వంశపు ఏలుబడిలోనిదే శ్రీకాకుళం సర్కారు, దాని ఉత్తరపు కొస గంజాం సీమ.

సబ్ర్‌ను మందు మానుకుని మౌనంగా బాధపడటంగా అర్థం చేసుకోవడం తప్పు, అది ప్రాణాంతకమైన తప్పు. చికిత్స చేయించుకొమ్మని ప్రవక్త స్వయంగా చెప్పినట్లు హదీసు ఉంది. క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియాలో అమ్వాస్ ప్లేగు చెలరేగినప్పుడు ఖలీఫా ఉమర్ ఆ ప్రాంతంలో అడుగుపెట్టక వెనుదిరిగాడు; దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సేనాని అబూ ఉబైదా అడిగితే, ఒక దైవ నిర్ణయం నుంచి మరొక దైవ నిర్ణయానికే పోతున్నామని బదులిచ్చాడు. వ్యాధి ఉన్న చోటికి పోరాదు, ఉన్నచోట వ్యాధి వస్తే పారిపోరాదు అన్న ప్రవక్త ఆదేశంలో సహనం ఇతరుల ప్రాణరక్షణగా మారింది. 1815లో గంజాం పట్టణాన్ని విషజ్వరం పీడించి, జిల్లా కేంద్రమే అక్కడి నుంచి తరలిపోయిన చరిత్ర తెలిసిన ఈ జిల్లా ప్రజలకు ఆ ఆదేశపు బరువును విడమరచి చెప్పనక్కరలేదు.

ఆధునిక పరిశోధన ఈ విషయంలో మితంగానే మాట్లాడుతుంది. ఎడతెగని ఆందోళన కార్టిసాల్ వంటి హార్మోన్ల ద్వారా రక్తపోటునూ నిద్రనూ దెబ్బతీస్తుందన్నది స్థిరపడిన విషయం. 2003లో అమెరికాకు చెందిన ఎమన్స్, మెకల్లా ప్రకటించిన అధ్యయనంలో, వారం వారం తమకు జరిగిన మేళ్లను రాసుకున్నవారు చికాకులను రాసుకున్నవారికంటే ఎక్కువ వ్యాయామం చేశామనీ, ఒంటి బాధలు తగ్గాయనీ తెలిపారు. అయితే అది వారు స్వయంగా చెప్పుకున్న లెక్క కనుక, కృతజ్ఞత రోగాన్ని నయం చేస్తుందని దాని నుంచి తేల్చరాదు.

సహన మాసంగా పేరొందిన రంజాన్‌లో ఈ విచారమంతా ఆచరణకు వస్తుంది. రోగులు ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చని ఖుర్‌ఆన్ రెండో అధ్యాయమే అనుమతిస్తుంది. కాబట్టి ఇన్సులిన్ వాడే మధుమేహి నెలపొడుపుకు కొన్ని వారాల ముందే బరంపురంలోని వైద్యునితో మాట్లాడి మోతాదును సరిచేయించుకోవాలి, పగటిపూట చక్కెర మరీ పడిపోతే వెంటనే ఉపవాసం విరమించాలి. కోలుకునే ఆశ లేని వ్యాధి ఉన్నవారు రోజుకొక పేదకు అన్నం పెట్టి, ఫిద్‌యా అనే ఆ పరిహారంతో తమ విధి తీర్చుకోవచ్చు.